శేరు యేసుబువ్వ

ఆ పొద్దు హన్నమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. పిల్లవాణ్ణి చంకనేసుకుని బోధకుడు శీనయ్య ఇంటికి వెళ్ళి, వాడికొక పేరు అడిగి తెచ్చుకోవాలి. ఎండ ముదిరేలోపు తిరిగొచ్చి జొన్నచేలో కలుపుకు పోవాలి. ధాత నామ సంవత్సరపు కరువు పోయి వానలు సరిగా పడ్డ మొదటి ఏడు అది. ఉదయగిరి దుర్గం కింది చేలన్నీ పచ్చబడ్డాయి. మనుషులకు మాత్రం ఒంటిమీద కండ ఇంకా పట్టలేదు. కొత్త గింజ ఇంటికి రావడానికి ఇంకా చాలా పొద్దులున్నాయి.

పిల్లవాడు పాకడం నేర్చాడు, గోడ పట్టుకుని నిలబడడం నేర్చాడు, అవ్వ ముక్కు కొరకడం నేర్చాడు. పేరు మాత్రం లేదు. వాడి తండ్రి ఓబయ్య, కరువు ముదిరిన ఏట ఎద్దుల జతను ఎలాగైనా బతికించుకోవాలని, మేత ఉన్న చోటు వెతుక్కుంటూ పెన్న దిక్కుకు తోలుకుపోయాడు. మళ్ళీ రాలేదు. కబురూ లేదు. అతను వెళ్ళేనాటికి కడుపులో బిడ్డ ఉన్న సంగతి హన్నమ్మకే సరిగా తెలియదు, ఇక అతనికేం తెలుస్తుంది! తండ్రి వచ్చి పెడతాడులే పేరు అని ఆమె ఇన్నాళ్ళూ ఆపింది. పొద్దుగూకే వేళ గుడిసె ముందు నిలబడి ఆత్మకూరు బాట వైపు చూడడం ఆమెకు అలవాటైపోయింది. ఎద్దుల మెడగంటలు వినబడితే చాలు, పొయ్యి మీదున్నదాన్ని మరిచి బయటికొచ్చేది. అలా ఎన్నిసార్లు సంకటి మాడిందో! మాడిన సంకటి తింటూ అత్త రాహేలమ్మ కోడల్ని తిట్టేది. తిట్టడం అయ్యాక, కోడిపెట్ట కనబడలేదన్న వంకతో తనూ బయటికొచ్చి అదే బాట వైపు చూసేది.

చివరికి ఆ పొద్దు రాహేలమ్మే తేల్చి చెప్పింది. "వాడొచ్చేదాకా పేరు పెట్టకపోతే, వీడు మీసాలొచ్చినా బుడ్డోడుగానే ఉంటాడు. పో, ఆ బోధకుణ్ణి అడుగు. నాకు చెప్పినట్టు మాత్రం చెప్పొద్దను."

శీనయ్య రాహేలమ్మకు చెప్పిన మాట ఆ పాళెంలో అందరికీ తెలిసిందే. శీనయ్య నెల్లూరు మిషను దొర దగ్గర కొంతకాలం ఉండి, సత్యవేదంలోని హెబ్రీ పేర్లకు అర్థాలు నేర్చుకొచ్చాడు. హెబ్రీలో ఒక్క అక్షరం రాదు. అర్థాలు మాత్రం నోటికొచ్చు. ఆ విద్యను దాచుకోవడం ఆయనకు చేతకాదు. బాప్తిస్మం పుచ్చుకుని కొత్త పేరుతో మురిసిపోతున్న రాహేలమ్మను ఆపి, "రాహేలు అంటే ఏందో తెలుసునా అమ్మా? గొర్రె!" అన్నాడు సంతోషంగా. ఆమె ఆ పంట కోతల దాకా ఆయనతో మాట్లాడలేదు. పక్కింటి రెబెకమ్మకైతే, "నీ పేరుకు అర్థం పలుపుతాడు" అని చెప్పాడు. అప్పటినుంచి రెబెకమ్మ మొగుడికి ఊళ్ళో తలెత్తుకుని తిరిగే వీలు లేకపోయింది.

హన్నమ్మ వెళ్ళేసరికి శీనయ్య ప్రయాణానికి మూట కట్టుకుంటున్నాడు. అనంతసాగరం వైపు పల్లెల్లో బోధ చేసి రావాలట.

"నీ పేరు చాలా మంచిదమ్మా. హన్న అంటే కృప," అన్నాడు ఆమె కూర్చోకముందే.

"నా పేరు సంగతి కాదయ్యా. వీడికి పేరు కావాల. మళ్ళీ వస్తాడు అనే అర్థం వచ్చేది ఏదన్నా ఉండాదా?"

శీనయ్య మూట వదిలేసి కళ్ళు మూసుకున్నాడు. "యోసేపు ఉండాది. ఇంకొకటి చేర్చును అని అర్థం."

"ఉన్నోడు రాకపోతే ఇంకొకణ్ణి ఏడనించి చేరుస్తాడయ్యా?"

"సిమ్యోను ఉండాది. దేవుడు విన్నాడు అని."

"విని ఊరుకుంటే చాలదు గదా అయ్యా. మనిషి రావాల."

శీనయ్య చాలాసేపు పెదవులు కదుపుతూ కూర్చున్నాడు. ఉన్నట్టుండి తొడ చరుచుకున్నాడు. "ఉండాది! యెషయా ప్రవక్త కొడుకు పేరు. షెయార్యాషూబు! శేషం తిరిగి వచ్చును అని అర్థం. అంటే, మిగిలినోళ్ళు మళ్ళీ ఇంటికి తిరిగొస్తారు అని. దేశం మీద చెడ్డకాలం వచ్చిపడితే, ఆ ప్రవక్త తన కొడుక్కి ఆ పేరు పెట్టుకున్నాడు."

చెడ్డకాలంలో ఒక తండ్రి తన బిడ్డకు పెట్టుకున్న పేరు! హన్నమ్మ మెల్లగా అడిగింది. "మిగిలినోళ్ళంటే, మిగిలి ఉంటే వస్తారు అనా? మిగిలి ఉంటారు, వస్తారు అనా?"

అర్థం తెలియదని ఒప్పుకోవడం శీనయ్య జన్మలో అదే మొదలు. "అది దొరను అడగలేదమ్మా," అన్నాడు. "నేను తిరిగొచ్చినాక, వచ్చే ఆదివారం కాదు, ఆ పై ఆదివారం, ఆరాధన అయినాక నలుగురి ముందర పేరు పెట్టి దీవెన ఇస్తాను. అందర్నీ పిలుచుకో."

ఆ పేరు మరిచిపోతే మళ్ళీ అడగడానికి బోధకుడు ఊళ్ళో ఉండడు. అందుకని హన్నమ్మ దారి పొడుగునా దాన్ని వల్లె వేసుకుంటూ నడిచింది. షెయార్యాషూబు. షెయారు యాషూబు. ఆమె నోట్లో అది తిరిగి తిరిగి అరిగి, పాళెం చేరేసరికి శేరు యాషుబు అయింది. వాకిట్లో చెరుగుతున్న రెబెకమ్మ తలెత్తింది.

"ఏందిమే, గొణుక్కుంటా వస్తుండావు?"

"మర్చిపోతానేమోనని. శేరు యాషుబు. బోధకుడు ఇస్తానన్నాడు."

రెబెకమ్మ చేట కింద పెట్టింది. "శేరు యేసుబువ్వా? ఎప్పుడిస్తాడంట?"

హన్నమ్మకు పేరు తప్ప మరేమీ వినబడే స్థితి లేదు. "ఆ పై ఆదివారం, ఆరాధన అయినాక. నువ్వూ రా. ఇంటిల్లిపాదీ రండి. అందర్నీ పిలవమన్నాడు."

"పిల్లకాయల్ని కూడానా?"

"వాళ్ళు లేకపోతే ఎట్లా!" అని హన్నమ్మ గుడిసెలోకి వెళ్ళిపోయింది, మరిచిపోకముందే అత్తకు చెప్పాలని.

మాటకు కాళ్ళొస్తే ఎంత దూరం పోతుందో ఆ పక్షంలో తెలిసింది. రెబెకమ్మ తన చెల్లెలికి చెప్పింది, మనిషికి శేరు గింజలని. చెల్లెలు పుట్టింటికి పోయి, చంకలో బిడ్డ ఉన్నవాళ్ళకు బిడ్డ పేరున ఇంకో శేరని చెప్పింది. సంతలో నర్దికర్రతో చెక్కిన గరిటెలు అమ్ముకునేవాళ్ళు ఆ మాటను గరిటెలతో పాటు మోసుకుపోయారు. ఆ బిడ్డకు యేసుబువ్వ అని పేరు పెట్టుకుంటే రెండు శేర్లట అని ఒక ఊళ్ళో అన్నారు. బియ్యమని ఒకరు, కాదు జొన్నలని ఒకరు తగువు పడ్డారు. అసలు ఇస్తారా అని మాత్రం ఎవరూ అడగలేదు. కడుపు మాడినవాళ్ళు ఆ ప్రశ్న చివర్లో అడుగుతారు.

అనంతసాగరం పక్క పల్లెలో శీనయ్య బోధ ముగించి నీళ్ళు తాగుతుండగా ఒక ముసలావిడ దగ్గరికొచ్చి చేతులు జోడించింది. "అయ్యా, ఉదయగిరిలో శేరు యేసుబువ్వ ఇస్తుండారంట. నిజమేనా?"

శీనయ్య చేతిలో చెంబు అలాగే నిలిచిపోయింది. ప్రవక్త కొడుకు పేరు! తాను ఇంకా ఈ ఊళ్ళో ఆ మాటే ఎత్తలేదు. ఎవరు చెప్పారు వీళ్ళకు? కాస్త నోరు తిరగకపోతే మాత్రమేం, ఎంత ఆశగా పలికింది! ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. "నిజమేనమ్మా. నేనే ఇస్తుండాను."

"మాకూ ఇస్తారా?"

"అడిగిన ప్రతి ఒక్కరికీ ఇస్తాను. ఎంతమంది వచ్చినా సరే. దేవుని దగ్గర కొరత ఏముందమ్మా?"

ఇది ఆయన ఒక్క ఊళ్ళో అన్న మాట కాదు. అడిగిన ప్రతి ఊళ్ళోనూ అన్నాడు, ఊరూరికీ గొంతు పెంచుతూ అన్నాడు.

ఆ గొంతు ఆత్మకూరు దాకా వినబడింది. ఆత్మకూరులో పెంచలనరసయ్య శెట్టి కొట్టు వెనక గాదెల్లో జొన్నలు మూలుగుతున్నాయి. కరువు ఇంకొంచెం సాగుతుందని నమ్మి దాచిపెట్టుకున్న జొన్నలవి. వానలు పడి ఆయన నమ్మకాన్ని పాడుచేశాయి. ఇప్పుడు మిషను వాళ్ళు ఉదయగిరిలో ఊరికే గింజలు పంచుతున్నారంటే ఇక కొనేవాడెవడు? శెట్టి ఒక పూట దిగులుపడ్డాడు. మర్నాటికి ఆయనకు తోచింది: అంతమందికి పంచాలంటే వాళ్ళకు మాత్రం గింజలు ఎక్కడినుంచి వస్తాయి? ఎవరో ఒకరి దగ్గర కొనాల్సిందే కదా. వెంటనే రెండు బండ్లకు మూటలెత్తించి, మంచి గిరాకీ దొరికిందని మనసులోనే లెక్కకట్టుకుంటూ, ముందు బండిలో తానెక్కి ఉదయగిరి బాట పట్టాడు.

శనివారం మధ్యాహ్నం నుంచే పాళెంలోకి జనం దిగడం మొదలైంది. మొదట హన్నమ్మ పొంగిపోయింది. తన బిడ్డ పేరుకు ఇంతమందా! వచ్చినవాళ్ళందరికీ మంచినీళ్ళిచ్చింది. అయితే ప్రతివాళ్ళ భుజానా ఒక ఖాళీ సంచి ఉంది. కొందరు చెంబులు, కొందరు కుండలు తెచ్చుకున్నారు. ఒకాయన గోతంతో పాటు దాన్ని మోయడానికి గాడిదను కూడా తోలుకొచ్చాడు.

"దీవెనకు గోతం ఎందుకు అవ్వా?" అని హన్నమ్మ ఒక ముసలావిడను అడిగింది. అనంతసాగరం దగ్గర శీనయ్యను పలకరించిన ఆవిడే. పేరు శీనమ్మ. చిన్న మనవణ్ణి వేలు పట్టుకుని అంత దూరం నడిచి వచ్చింది.

"శేరు యేసుబువ్వ ఒళ్ళో పట్టుకుపోతే కారిపోదా బిడ్డా?" అంది శీనమ్మ.

హన్నమ్మకు తాను పలికిన పలుకు, రెబెకమ్మ అడిగిన ప్రశ్నలు, ఒకదాని వెనక ఒకటి గుర్తుకొచ్చాయి. గుడిసెలోకి పరుగెత్తి అత్త దగ్గర కూలబడింది. "అత్తా, నా నోరు ఎంత పని చేసిందో చూడు. ఆయన వస్తాడనే పేరు అడిగితే, ఊళ్ళకు ఊళ్ళు కదిలొచ్చినాయి. ఆయనొక్కడే రాలా."

రాహేలమ్మ సంగతంతా విని, తలుపు సందులోంచి బయట జనాన్ని చూసి, నింపాదిగా అంది. "గొర్రె ఆయనే. పోయి చెప్పు."

ఆదివారం పొద్దున్నే శీనయ్య వచ్చాడు. ప్రార్థన పాక చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం. ఆయన ముఖం వెలిగిపోతోంది. "చూసినావా హన్నమ్మా! ఒక్క పేరు! ఒక్క పేరుకు ఇంత ఉజ్జీవం!"

"అయ్యా, ఉజ్జీవం కాదయ్యా. ఆకలి," అని హన్నమ్మ జరిగినదంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ శీనయ్య ముఖంలో వెలుగు, గాలికి దీపంలా తగ్గుతూ వచ్చింది. అడిగిన ప్రతి ఒక్కరికీ ఇస్తానన్న తన మాట, కొరత లేదన్న తన మాట, ఊరూరికీ పెంచుకుపోయిన తన గొంతు, అన్నీ ఆయనకు తిరిగి వినబడ్డాయి కాబోలు, మెల్లగా అరుగు మీద కూర్చుండిపోయాడు. గలాటా జరగకుండా చూడమని ఠాణా వాళ్ళు ఒక జవానును పంపారు. ఆ జవాను చంకలో కూడా మడిచిపెట్టిన సంచి ఒకటి కనబడుతోంది.

దాచడం శీనయ్యకు చేతకాదు, అర్థాలనే కాదు, దేన్నీ. లేచి జనం ముందు నిలబడ్డాడు. "అమ్మల్లారా, అయ్యల్లారా, శేరు కాదు. బువ్వ కాదు. అది ఒక పేరు. నేను ఇవ్వగలిగింది ఆ పేరొక్కటే. మీరు ఒకటి అడిగినారు, నేను ఒకటి విన్నాను. తప్పు నాది."

"తప్పు నాది," అంది హన్నమ్మ ఆయన వెనక నుంచి. ఎవరూ వినలేదు. జనం గోలగా లేచారు. పేరు పెట్టుకుని నాకమంటావా అని ఒకడు అరిచాడు. గాడిదను తెచ్చినాయన గాడిద కూలి ఎవరిస్తారని అడిగాడు. జవాను అందరికంటే ఎక్కువ కోపంగా ఉన్నాడు.

శీనమ్మ మాత్రం చెయ్యెత్తి అడిగింది. "ఇంత దూరం వచ్చినాము. ఆ పేరుకు అర్థమన్నా చెప్పయ్యా."

శీనయ్య అందరివైపూ తిరిగి చెప్పాడు. "చెడ్డకాలం పోయినాక, మిగిలినోళ్ళు మళ్ళీ ఇంటికి తిరిగొస్తారు అని."

గోల ఆగిపోయింది. ఎవరూ ఆపమనలేదు, దానంతట అదే ఆగింది. అక్కడికొచ్చినవాళ్ళ పల్లెల్లో కరువు ఖాళీ చేయని ఇల్లు ఒక్కటీ లేదు. కాలవ తవ్వకానికి పోయినవాడు, పట్నం పోయినవాడు, ఓడెక్కి పోయాడని విన్నవాడు, ఎటు పోయాడో తెలియనివాడు. సంచులు పట్టుకున్న చేతులు కిందికి జారాయి.

"మా చిన్నోడు కాలవ పనికి పోయినాడు," అంది శీనమ్మ, ఎవరితోనో కాదు, తనలో తాను అనుకుంటున్నట్టు. "వీడు వాడి కొడుకే."

హన్నమ్మ చంకలోని పిల్లవాణ్ణి గట్టిగా హత్తుకుంది. ఇన్నాళ్ళూ ఆత్మకూరు బాటను తానొక్కతే చూస్తున్నానని ఆమె అనుకుంది. ఇప్పుడు ఇందరు ఇన్ని బాటలు చూస్తున్నారని తెలిసింది.

సరిగ్గా అప్పుడే మలుపులో మెడగంటలు వినబడ్డాయి. రెండు బండ్లు, నిండా మూటలు, ముందు బండిలో బొజ్జ మీద చేతులు పెట్టుకుని పెంచలనరసయ్య శెట్టి! జనం ఒక్క అరుపు అరిచారు. శీనయ్య అయితే ఆకాశానికి చేతులెత్తి, కళ్ళనీళ్ళతో బండికి ఎదురు పరుగెత్తాడు. శెట్టి కిందికి దిగాడో లేదో, ఆయన తల మీద చేతులు పెట్టి పాళెమంతా వినబడేటట్టు దీవించాడు. "నువ్వు ఈ మూటల మూతులు విప్పినట్టే దేవుడు నీ ఇంటి మీద ఆకాశం విప్పునుగాక! నువ్వు ఎంత ఖాళీ చేస్తావో ఆయన అంత నింపునుగాక!"

"ఆమేన్!" అన్నారు పాళెంవాళ్ళు. మిగిలినవాళ్ళు తమకు తోచిన దేవుణ్ణి తలచుకున్నారు.

శెట్టికి ఒళ్ళు పులకరించింది. ఇంత మర్యాద ఏ గిరాకీ దగ్గరా ఎరగడు. "సంతోషం స్వామీ, సంతోషం. ఇంక ధర మాట్లాడుకుందామా?"

"ధరేంది?"

"జొన్నల ధర. మిషను వాళ్ళకు గదా నేను తెచ్చింది."

శీనయ్య తల పట్టుకున్నాడు. "అయ్యో, ధర్మానికి తెచ్చినావనుకుని దీవించేసినానే!"

"అయితే ఆ దీవెన వెనక్కి తీసుకో," అన్నాడు జవాను.

"తీసుకునేదానికి లేదు నాయనా! ఇస్సాకు అనే పెద్దాయన చూపు ఆనక, పెద్దకొడుకనుకుని చిన్నోడి నెత్తిన చేతులు పెట్టినాడు. పొరపాటని తెలిసి పెద్దోడు బోరుమని ఏడ్చినా, ఆ దీవెన ఇంక మళ్ళలా. నోరు దాటిన దీవెన దాటిపోయినట్టే. అది పొరపాటున ఇచ్చినా చెల్లుతాది."

శెట్టి చెవులు నిక్కబొడుచుకున్నాయి. "పొరపాటున ఇచ్చినా చెల్లుతాదా? ఖాయమేనా?" శీనయ్య తలూపగానే ఆయన ముఖం విప్పారింది. "అట్లయితే దీవెన నాది, జొన్నలూ నావే. ఒరే, బండ్లు తిప్పండిరా!"

రాహేలమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి ముందు బండి చక్రానికి ఆనుకుని నిలబడింది. "తిప్పు శెట్టీ, తిప్పు. ఎంత ఖాళీ చేస్తే అంత నింపుతానన్నాడు గదా దేవుడు. నువ్వు నిండు మూటల్ని నిండుగానే తోలుకుపోతే, పాపం ఆయన పోద్దామని వచ్చి ఏడ పోస్తాడు? చోటేది?"

శెట్టి తిప్పబోయిన బండి దగ్గర ఆగిపోయాడు. వ్యాపారం తెలిసిన మనిషి కాబట్టి ఆ మాటలో పస ఆయనకు వెంటనే తెలిసింది. శీనయ్యను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "స్వామీ, ఆ మాటకు అర్థం అట్లనేనా? ఎంత ఖాళీ చేస్తే అంతేనా?"

"అంతే."

"కొంచెం ఎక్కువ వచ్చే దారి లేదా?"

శీనయ్య ఒకసారి జనాన్ని చూశాడు, ఒకసారి మూటలను చూశాడు. "హెబ్రీలో ఇంకా ఎక్కువగానే ఉంటాది," అన్నాడు. ఆయన తెలియని అర్థం చెప్పడం అదొక్కసారే.

ముందు బండి మూటల మూతులు విప్పారు. రాహేలమ్మే శేరు పట్టుకుని కొలవడానికి కూర్చుంది. ఒడిలో గింజలు పడగానే ప్రతి ఆడమనిషీ శెట్టిని తన తీరున దీవించింది. నీ కడుపు చల్లగుండ అని ఒకరు, నీ కొట్టు కళకళలాడ అని ఒకరు, నీ బొజ్జ తరగకుండ అని ఒకరు. శెట్టి మొదట మూటలకేసి గుటకలు మింగుతూ నిలబడ్డాడు. తర్వాత తల కొంచెం వంచాడు. తర్వాత ఎవరైనా దీవించడం మరిచిపోయి పోతుంటే, "ఏమ్మే, ఏమీ అనకుండానే పోతుండావే!" అని పిలిచి మరీ అనిపించుకున్నాడు. ముందు బండి ఖాళీ అయ్యేసరికి ఆయనకు ఆ రుచి మరిగింది. వెనక బండిని కూడా దగ్గరికి తోలమని తానే కేకేశాడు.

బండి కదల్లేదు. బండివాడు తలగుడ్డ ముఖం మీదికి లాక్కుని, ఎద్దుల వెనక నక్కి నిలబడ్డాడు. శెట్టి మళ్ళీ కేకేశాడు. ఇక తప్పక బండివాడు కాడి దగ్గరికొచ్చి, ఎద్దు మెడ కింద అరచెయ్యి పెట్టి, పసిబిడ్డను లేపినట్టు మెల్లగా ఒకసారి నిమిరాడు. ఎద్దును అలా నిమిరే మనిషి ఈ లోకంలో ఒక్కడే ఉన్నాడని హన్నమ్మకు తెలుసు.

ఆమె పరుగెత్తలేదు. ఇన్నాళ్ళూ ఎన్ని బండ్లకు ఎదురు పరుగెత్తిందో, ఈ బండికి మాత్రం కాళ్ళు కదల్లేదు. ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వెళ్ళి ఎద్దుకు ఇవతల నిలబడింది. అవతల ఓబయ్య. చెంపలు లోపలికి పోయి, గడ్డం పెరిగి, కళ్ళు మాత్రం అవే.

"ఎద్దులు రెండూ పెన్న దాటకముందే పోయినాయి," అన్నాడతను తల వంచుకుని. "జత లేకుండా ఏ మొహం పెట్టుకొని వచ్చేది? శెట్టి దగ్గర చేరినా. ఇంకో జత కొనుక్కొనే వద్దామని."

"ఎద్దుల్ని అడిగినానా నిన్ను?" అంది హన్నమ్మ.

ఓబయ్య చూపు ఆమె చంకలోని పిల్లవాడి మీద పడి అక్కడే నిలిచిపోయింది. "వీడెవురు?"

ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి హన్నమ్మకు. "ఈడ అందరికీ శేరు జొన్నలు ఇస్తుండారు. నాకు వీణ్ణి ఇచ్చినారు. అట్లా చూస్తావేంది, పట్టుకో!"

ఓబయ్య రెండు చేతులూ చాచాడు. పిల్లవాడు కొత్త ముఖాన్ని తేరిపార చూసి, ముందుకు వంగి ముక్కు కొరికాడు. దూరంగా కొలుస్తున్న రాహేలమ్మ చేతిలో శేరు ఆగిపోయింది. ఆమె లేవలేదు, అరవలేదు. ఆ తర్వాత గింజలకు వచ్చినవాళ్ళెవరికీ శేరు మీద గోపురం పోయకుండా వదల్లేదు. శెట్టి చూసి కూడా ఊరుకున్నాడు.

పొద్దు వాలే వేళకు జనం చాలావరకు మూటలు కట్టుకున్నారు. శీనయ్య సత్యవేదం పట్టుకుని గొంతు సవరించుకుంటూ వచ్చాడు. "ఇంక బిడ్డకు పేరు పెడదామా? షెయార్యాషూబు!"

ఓబయ్య దాన్ని పలకబోయి, సగంలో ఆగి, భార్య వైపు దీనంగా చూశాడు. హన్నమ్మ నవ్వింది. నవ్వి ఎంతకాలమైందో ఆమె దవడలకు తెలుసు.

"వద్దులే అయ్యా. ఆయన వచ్చేసినాడు గదా. వాళ్ళ నాయనే పెడతాడు పేరు."

"పిచ్చయ్య," అన్నాడు ఓబయ్య వెంటనే. "మా నాయన పేరు."

శీనయ్య నొచ్చుకున్నాడు. "దానికి అర్థం ఏంది?"

"అర్థం ఏందయ్యా? మా నాయన."

శీనమ్మ ఇంకా వెళ్ళలేదు. ఒళ్ళో జొన్నల మూట, పక్కన మనవడు. హన్నమ్మ చెయ్యి పట్టుకుని అడిగింది. "నీకు అక్కర తీరింది బిడ్డా. నీకు వద్దంటే ఆ పేరు నాకియ్యి. మావోడు ఇంకా రాలా. వీడికి పెట్టుకుంటా."

హన్నమ్మ వంగి, ఆ ముసలి చెవిలో ఆ పేరును ముక్కలు ముక్కలుగా, ఒక్క అక్షరం కూడా జారిపోకుండా చెప్పింది. శీనమ్మ దాన్ని మూడుసార్లు అప్పజెప్పింది. మూడుసార్లూ శేరు యేసుబువ్వ అనే వచ్చింది. హన్నమ్మ దిద్దలేదు. వాళ్ళ వెనక ఇంకొక తల్లి వచ్చి నిలబడింది, ఆమె వెనక మరొకతె. శేరు జొన్నలు తీసుకున్నవాళ్ళు వెళ్ళిపోకుండా, ఆ పేరు కోసం మళ్ళీ వరుస కట్టారు. ఇందరికి ఇవ్వగలిగింది తన దగ్గర ఒకటుందని చూసి శీనయ్య ఒక్కొక్క బిడ్డ తల మీద చెయ్యి పెడుతూ, పెట్టిన ప్రతిసారీ ఏడుస్తూ, చీకటి పడేదాకా దీవించాడు.

ఆ ఏడు అనంతసాగరం మొదలు ఉదయగిరి దాకా షెయార్యాషూబులు ఇంటింటికీ అయ్యారు. ఏ పిల్లవాడి కోసం ఆ పేరు వెతికారో, వాడు మాత్రం పిచ్చయ్య.